తెల్ల చొక్కా, తెల్ల బండి

బండ్ల వ్యాపారి: సార్, మనిషి ఆటో దిగి నా షెడ్డు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఏ బండి కోసం వచ్చినాడో చెప్పేస్తా. ఇరవై ఐదేండ్లుగా సెకండ్‌హ్యాండ్ బండ్లే నా బతుకు. క్వారీ యజమాని అయితే బొలెరో అడుగుతాడు. డాక్టరు అయితే ఇరుకు సందుల్లో తిప్పుకోను చిన్న కారు కావాల, లోపల మరక ఉండకూడదు. కాంట్రాక్టరు అయితే ఇన్నోవా, అదీ తెల్లది. మీ అయ్యవార్లు నోరు తెరిస్తే మొదటి మాట మైలేజీ. ఇదేం జోస్యం కాదు. పని మనిషిని ఎట్లా మలుస్తుందో చూసి చూసి వచ్చిన అనుభవం. దీన్ని తప్పంటే నేను ఒప్పుకోను.

అయ్యవారు: నీ అనుభవాన్ని తప్పనడం లేదన్నా. ఆ చూపు ఎక్కడ ఆగుతుందన్నదే నా దిగులు. చొక్కా చూసి బండి ఊహిస్తావు, అంతటితో ఆగితే గొడవే లేదు. అదే చొక్కా చూసి కుర్చీ వెయ్యాలా వద్దా, టీ చెప్పాలా వద్దా, ‘రాండి’ అనాలా ‘ఏంది’ అనాలా అన్నది కూడా తేల్చేస్తున్నాం. బండి గురించి వేసిన అంచనా మనిషి మీద తీర్పయి కూర్చుంటోంది.

బండ్ల వ్యాపారి: ముందు ఆ అంచనాకు మూలం ఏందో వినండి. మన బేతంచెర్ల చుట్టూ నాపరాయి గనులు. గనిలోకి దిగే దారి మీరు చూసే ఉంటారు. పైకి తేలిన రాళ్లు, ఏటవాలు, లారీ చక్రాలు తవ్విన గుంతలు. నేలకు దగ్గరగా ఉండే కారు ఆ దారిలో పోతే అడుగు రాయికి తగిలి ఆయిలు కారుతుంది. అందుకని ఎత్తు బండి. తెలుపు ఎందుకంటారా? కోత మిషన్ల కాడ, పాలిష్ ఫ్యాక్టరీల కాడ లేచే పొడి నల్ల బండి మీద పడితే పొద్దున తుడిచింది మధ్యాన్నానికే సున్నం కొట్టినట్టు కనబడుతుంది. మన ఎండల్లో నిలబెట్టిన కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, తెల్లదయితే కొంత నయం. తెల్ల చొక్కా సంగతీ అంతే. ఇందులో దర్పం ఏముంది సార్? దారి, దుమ్ము, ఎండ. ఈ మూడూ కలిసి మా క్వారీ మనిషికి బండి ఎంచి పెట్టినాయి.

అయ్యవారు: నువ్వు చెప్పిన ప్రతి కారణం నిజం. నా బాధ కూడా అక్కడే మొదలవుతుంది. దారి, దుమ్ము, ఎండ ఇచ్చిన ఆ తెల్ల చొక్కాను, తెల్ల బండిని సినిమా ఎత్తుకుపోయి ఇంకో అర్థం అంటించింది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. ఐదారేండ్లలో రాష్ట్రమంతా రాయలసీమ అంటే ఒకే బొమ్మ చూసింది: మెలి తిప్పిన మీసం, తెల్ల ఖద్దరు, వరసగా దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలు. సుమో 1994లో వచ్చిన బండి. టాటా మోటార్స్‌ను నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి తీసిన అక్షరాలే దాని పేరు. మన కాడ అందులో పెళ్లివాళ్లు ఎక్కినారు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఆస్పత్రికి చేర్చినారు. తెర మీద మాత్రం అది వేటకొడవళ్లు మోసే బండి. నా దగ్గర చదివి హైదరాబాదు పోయిన పిల్లలు అద్దె గదికి పోతే ఇంటివాళ్లు నవ్వుతూనే అడుగుతారంట, ‘కర్నూలా? బాంబులు గట్రా ఏం లేవు కదా’ అని. నవ్వుతూ అడిగినా అది గుచ్చుకుంటుంది. బండి మీద ఏపీ 21 కనబడితే కర్నూలు, ఏపీ 04 కనబడితే కడప అని లెక్క. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక కొత్త బండ్లకైనా ఆ తిప్పలు తప్పినాయి.

బండ్ల వ్యాపారి: సినిమా ఒక్కదాని నెత్తిన వేస్తే న్యాయం కాదు సార్. ఫ్యాక్షన్ అనేది ఇక్కడ లేనిదా? ఊర్లకు ఊర్లు ఖాళీ అయినాయి, ఆడవాళ్లు పసుపు కుంకుమలు పోగొట్టుకున్నారు. తెరకెక్కింది పెంచి చూపించిందే గానీ, పూర్తిగా పుట్టించింది కాదు. ఇంకో మాట. 2002లో స్కార్పియో వచ్చింది. ఆ తర్వాత నా షెడ్డుకు వచ్చిన కుర్రోళ్లలో సగం మంది ‘అన్నా, స్కార్పియో ఉందా, తెల్లది’ అనేవాళ్లే. క్వారీ లేదు, పొలం లేదు, గుంతల దారి అసలే లేదు. ఎందుకురా అంటే చెప్పేవాళ్లు కాదు, మీసం సవరించుకునేవాళ్లు. ఎవరో మన మీద ముద్ర వేసినారని మీరు బాధపడుతున్నారు. ఆ ముద్రను డబ్బులిచ్చి కొనుక్కున్నది మనోళ్లే. అమ్మినోణ్ణి నేనే.

అయ్యవారు: ఒప్పుకుంటా. ఫ్యాక్షన్ పోగొట్టిన ప్రాణాలను లేవనడం ఆ కుటుంబాలకు ద్రోహం. ముద్రలో ఉండే పెద్ద ప్రమాదం కూడా నువ్వే చెప్పినావు: వేసినవాడి చేతిలోంచి అది మోసేవాడి వంటికి అంటుకుంటుంది, చివరికి మోసేవాడికే ముద్దొస్తుంది. కానీ ముద్రను తీసి పారేసిన చరిత్ర కూడా మనదేనన్నా. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చినాడు. అప్పటినుంచి మనకు సీడెడ్ అని పేరు, దత్త మండలాలని పేరు. అంటే ఒకరు ఇచ్చేసినవి, ఇంకొకరు పుచ్చుకున్నవి. 1928లో ఇదిగో పక్కన నంద్యాలలో పెద్దలు సభ కూడి ఆ మాట మాకొద్దు, మాది రాయలసీమ అన్నారు. ఇంత జరిగినా సినిమా వ్యాపారంలో వసూళ్ల లెక్క చెప్పేటప్పుడు మనల్ని ఇప్పటికీ ‘సీడెడ్’ అనే అంటారు. పేరు మార్చుకున్నది మనం. పాత పేరుతో పిలవడం మానింది లేదు వాళ్లు.

బండ్ల వ్యాపారి: ఆ మాట బాగుంది, గుర్తు పెట్టుకుంటా. అయితే గుర్తులన్నీ బయటివాళ్లు వేసేవే అన్నట్టు మాట్లాడుతున్నారు. మనుషులు కావాలని ఎంచుకునే గుర్తులు లేవా? 1921లో మధురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టినాడు. పేదోడి బట్ట కట్టుకుంటే పేదోడితో మాట్లాడినట్టని ఆయనకు తెలుసు. గవర్నమెంటే బోర్డు మీద ఉద్యోగం రాస్తుంది కదా! పోలీసు బండికి పి, ఆర్టీసీ బస్సుకు జడ్, బాడుగ బండికి పసుపు బోర్డు. నడిరేత్రి దారిలో ఇబ్బంది వస్తే ఖాకీని చూసే కదా పరుగెత్తుతాం? రేపు మీ పాపకు జ్వరం వచ్చి ఆస్పత్రికి పోతే, చిరిగిన బనీనుతో ఒకాయన వచ్చి నేనే డాక్టరునంటే చెయ్యి అందిస్తారా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పండి.

అయ్యవారు: అందించను. ఒక్క నిమిషమైనా వెనకాడతా. ఆపదలో ఉన్నవాడికి గుర్తు కావాలి, నిజమే. ఖాకీ, తెల్ల కోటు ఒక బాధ్యతను ఒప్పుకొని తొడిగినవి. అవి తప్పు చేస్తే నిలదీయడానికి కూడా ఆ గుర్తే దారి. నా పేచీ ఆ గుర్తును కూడా లెక్కచెయ్యని మన ఊహతోనే. తెల్ల కోటు వేసుకొని, మెడలో స్టెతస్కోపు వేసుకొని ఆడ డాక్టరు వస్తే ‘సిస్టర్, డాక్టరు గారు ఎప్పుడొస్తారు’ అని ఆమెనే అడుగుతాం. కోటు కళ్లముందే ఉంది, మన బుర్రలో మాత్రం డాక్టరంటే మగాడు. ఇక ఖద్దరు. పేదవాడితో కలవడానికి కట్టిన బట్ట అది. ఇప్పుడు ఇస్త్రీ మడత నలగని తెల్ల ఖద్దరు కనబడితే పేదవాడు లేచి పక్కకు నిలబడతాడు. గుర్తుకు ఒక కాలంలో ఉన్న అర్థం ఇంకో కాలంలో తిరగబడింది. దాన్ని చూసి మనిషిని తూచడం ఎంతవరకు నమ్మకం?

బండ్ల వ్యాపారి: నమ్మకమో కాదో, దానికో ధర ఉంది సార్. మా వ్యాపారంలో ‘డాక్టరు వాడిన బండి, ఫస్ట్ ఓనర్’ అనే మాటకు విలువ ఉంది. అదే మోడల్, అదే సంవత్సరం బండి ట్రావెల్స్‌లో తిరిగిందంటే కొనేవాడు మొహం తిప్పేస్తాడు. బ్యాంకు మేనేజరు బండి అన్నా నాలుగు రూపాయలు ఎక్కువే పలుకుతుంది. అట్లా చెప్పమని నేను ఎవరికీ నేర్పలేదు. కొనేవాడు అదే అడుగుతాడు, ‘ఎవరు వాడినారు’ అని. మన రాయి సంగతి చూడండి. భూమి లెక్కల్లో అది సున్నపురాయి. పాలిష్ పట్టి ‘బేతంచెర్ల మార్బుల్’ అంటే పట్నంలో అమ్ముడుపోతుంది. పేరు, మెరుపు లేకుండా ఏ సరుకు పోతుంది?

అయ్యవారు: రాయి మంచి ఉదాహరణే ఎత్తుకున్నావు. పేరు విని లోడు దింపుకునే వ్యాపారి ఎవడైనా ఉన్నాడా? ముందు ముక్క తెప్పించుకుంటాడు. తడిపి రంగు చూస్తాడు, తట్టి శబ్దం వింటాడు, పొర విడుస్తుందేమో అంచు చూస్తాడు. ఒకే గనిలో పైపొర ఒక రంగు, కిందిపొర ఒక రంగు. నీ బండ్లకైతే సర్వీసు పుస్తకం ఉంది, బానెట్ ఎత్తి చూసే మెకానిక్కు ఉన్నాడు. రాయికి ముక్క పరీక్ష, బండికి ఇంజిను పరీక్ష పెట్టి, మనిషికి మాత్రం చెప్పుల దగ్గరే పరీక్ష ముగిస్తున్నాం.

బండ్ల వ్యాపారి: ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాల. ఒకసారి డాక్టరు బండి అని సర్వీసు పుస్తకం కూడా సరిగా చూడకుండా తీసుకున్నా. బండి డాక్టరుదే. తోలింది మాత్రం ఆయన కొడుకు. క్లచ్చు పోయి, గేరుబాక్సు అరిగి, బాగుచేయించేసరికి నాకు మిగలాల్సింది పోయి చేతిది పడింది. అది నా తప్పు. కానీ ఇంకో వైపు కూడా చూడండి సార్. బ్యాంకోళ్లకు సిబిల్ స్కోరు ఉంది, జీతం కాగితాలున్నాయి, వకీళ్లున్నారు. చిన్న వ్యాపారికి ఉన్నవి రెండు కండ్లు. నమ్మి ఇచ్చిన బండికి కంతులు ఆగిపోతే ఇంటి మీద అప్పు నాకు. ఇంకా పెద్ద మాట ఒకటి. నేను వేసే అంచనాలో కనికరం కూడా ఉంటుంది. ఒకాయన మూడు లక్షల లోపు బండికి వచ్చినాడని చూడగానే తెలుస్తుంది. తెలిసీ పన్నెండు లక్షల బండి ముందర నిలబెట్టి ‘ఇది తీసుకోండి’ అంటే, పెండ్లాం బిడ్డల ముందు ‘నాకు అంత శక్తి లేదు’ అని ఆయన నోటితో చెప్పించినట్టే కదా? ఆ మాట ఆయన నోట రాకుండా కాపాడేది నా అంచనానే.

అయ్యవారు: దీనికి జవాబు చెప్పలేనన్నా. చెప్పకూడదు కూడా. బడిలో నేను చేసేది అదే. తెగిన చెప్పును పిన్నీసుతో కుట్టుకొని వచ్చే పిల్లోణ్ణి విహారయాత్ర డబ్బులు తెచ్చినావా అని అందరి ముందు అడగను. పక్కకు పిలిచి మాట్లాడతా. అది కూడా పైపైన చూసి వేసిన అంచనానే. అంచనా వెయ్యకుండా మనిషి బతకలేడు, వెయ్యకపోతే దయ కూడా చూపలేడు. ఈ మాట నీ దగ్గర నేర్చుకున్నాననుకో. ఇప్పుడు నేనొకటి అడుగుతా. 2022 జనవరిలో కర్ణాటకలో, తుమకూరులో జరిగిన సంగతి గుర్తుందా?

బండ్ల వ్యాపారి: గుర్తు లేకపోవడమేంది! బొలెరో పికప్పు కోసం ఒక రైతు షోరూముకు పోయినాడు. నీ జేబులో పది రూపాయలైనా లేవు, పది లక్షల బండి కొంటావా అన్నట్టు సేల్సు మనిషి మాట్లాడినాడు. ఆ రైతు గంటలోనే పది లక్షలు తెచ్చి చూపించినాడు. దేశమంతా మాట్లాడుకున్నారు. మా వ్యాపారంలో ఆ రోజు ప్రతి ఒక్కడూ తన దగ్గర పనిచేసే పిల్లోళ్లకు ఒకే మాట చెప్పినాడు: పంచె చూసి మోసపోవద్దురా, పంచె కింద లక్షలుంటాయి.

అయ్యవారు: ఆ పాఠం సగమే అన్నా. మనకు ఆ కథ ఎందుకు నచ్చింది? చివర్లో డబ్బు కట్టలు కనబడినాయి కాబట్టి. ఒకవేళ ఆ రైతు దగ్గర నిజంగానే పది రూపాయలు కూడా లేకపోయి ఉంటే? సేల్సు మనిషి అంచనా సరిగ్గా తగిలి ఉంటే? అప్పుడు ఆ అవమానం న్యాయమయిపోయేదా? పత్రికల్లోకి రాకపోయేది, అంతే. అంచనా తప్పినందుకు మనం సిగ్గుపడినాం. మర్యాద తప్పినందుకు పడలేదు. డబ్బుంటుందేమోనన్న భయంతో ఇచ్చే మర్యాద పంచెకు ఇచ్చినట్టు కాదు, దాని కింది లక్షలకు ఇచ్చినట్టు.

బండ్ల వ్యాపారి: ...పోయిన ఎండాకాలం ఒక లోడింగు హమాలీ వచ్చినాడు సార్. ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, వెంట్రుకలు, కనురెప్పలు అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. వెంట ఏడెనిమిదేండ్ల కొడుకు. నీలం రంగు స్విఫ్టు ఒకటి కడిగి పెట్టింటిమి. ఎంతుంటుందన్నా అని అడుగుతా బానెట్టు మీద చెయ్యి పెట్టినాడు. ‘ఏయ్, ముట్టుకోవద్దు, కడిగిన బండి’ అని గదిరించినా. ఆయన చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. తప్పు చేసిన మాదిరి కొడుకు చెయ్యి కూడా వెనక్కి లాగినాడు. కొనేవాడు కాదన్న నా అంచనా తప్పు కాదు, ఆయన దగ్గర డబ్బు లేదు. పిల్లోడికి చూపిద్దామని వచ్చింటాడు. వాళ్లు పోయినాక చూస్తే బానెట్టు మీద ఐదు వేళ్ల గుర్తు, తెల్లగా. గుడ్డ తీసుకొని నేనే తుడిచినా. మీరిప్పుడు అన్నది వింటే అది గుర్తొచ్చింది.

అయ్యవారు: చెప్పుకున్నావు, అది చిన్న విషయం కాదు. ఇంకో మాట ఆలోచించు. మనం ఇంతసేపు మాట్లాడుకున్నాం. వయసులో నీకంటే చిన్నవాణ్ణి, అయినా నన్ను ‘సార్, మీరు’ అంటున్నావు. నా గుణం చూసి కాదు, నా ఉద్యోగం చూసి. ఆ హమాలీ నీ వయసువాడే అయి ఉండొచ్చు, ఆయనకు ‘ఏయ్’. మన భాషలో ‘మీరు’, ‘నువ్వు’ అనే రెండు మాటలున్నాయి. ఏది ఎవరికన్నది వయసును బట్టి, బంధుత్వాన్ని బట్టి నిర్ణయించుకుంటామని పిల్లలకు పాఠం చెప్తాను. బయట చూస్తే ఎక్కిన బండిని బట్టి నిర్ణయమవుతోంది.

బండ్ల వ్యాపారి: మీరు కూడా ఒకటి విని తట్టుకోవాల సార్. నాలుగేండ్ల కింద మీ చెల్లెలి సంబంధం కుదురుతున్నప్పుడు నాకాడికి వచ్చినారు. బడికి మోటారు సైకిలు మీద పోయే మనిషి, కారు ఎందుకని నేనడగలేదు, నాకు తెలుసు. చిన్న కారు చూపిస్తే వద్దన్నారు. డిక్కీ ఉండేది, తెల్లది కావాలన్నారు. పెండ్లివాళ్లు వచ్చినప్పుడు ఇంటి ముందర నిలబెట్టాల కదా. ఈ చూపు నాదొక్కనిదే అయితే మీరు ఆ రోజు ఆ బండి అడిగేవాళ్లు కాదు.

అయ్యవారు: నిజం. నువ్వు ముందు నానో చూపించినావు, మా ఇంటికి, మా జీతానికి సరిగ్గా సరిపోయే బండి. లక్ష రూపాయల కారు అని 2009లో వచ్చింది. స్కూటరు మీద నలుగురు తడుస్తూ పోయే కుటుంబానికి పైన కప్పు ఇవ్వాలన్న తలపుతో పుట్టింది. మనమంతా దాన్ని పేదోడి కారు అన్నాం. పేదోడు కూడా పేదోడి కారు ఎక్కడానికి ఇష్టపడలేదు. 2018 తర్వాత అది రావడమే ఆగిపోయింది. ఆ రోజు దాన్ని కాదన్నవాళ్లలో నేనొకణ్ణి. కంతులు ఇంకా కడుతున్నా. చెల్లెలి అత్తగారింటివాళ్లు మంచివాళ్లు, కారు లేకపోయినా సంబంధం కలుపుకునేవాళ్లేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు నాకు అంత ధైర్యం లేకపోయింది. కాబట్టి నీకు నీతి చెప్పే పెద్దరికం నాకు లేదు. ఇద్దరం ఒకే బురదలో ఉన్నాం.

బండ్ల వ్యాపారి: అట్లయితే ఏం చెయ్యాలంటారు? అంచనా మానమంటే నేను మానను. మానితే షెడ్డు మూసుకోవాల. ఆ హమాలీని ‘మీరు’ అంటే ఎగతాళి చేస్తున్నాననుకొని ఇంకా ముడుచుకుపోతాడేమో. అలవాటు లేని మర్యాద కూడా గుచ్చుకుంటుంది సార్, అది మీకు తెలియదు.

అయ్యవారు: అంచనా మానమని నేనూ అనను. ఏ వృత్తివాడికి ఏ బండి నప్పుతుందో నీకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. ఆ తెలివి వాడుకో. ముందు వెనకలు మాత్రం మార్చు. ఇప్పుడు చూపు ముందు పోయి, పలకరింపు దాని వెనక పోతోంది. పలకరింపును ముందుకు తీసుకురా. ‘మీరు’ అనడం ఇబ్బందయితే ‘అన్నా’ అను. మన సీమలో ఆ మాటకు బీదా గొప్పా లేదు. ‘రాన్నా, కూర్చో’ అన్నాక ఎన్ని అంచనాలైనా వేసుకో. క్లాసులో నేను కూడా ఇదే చెయ్యాలి. నీ అంచనా సరయినా, తప్పయినా, వచ్చినవాడు కూర్చొని నీళ్లు తాగి పోతాడు.

బండ్ల వ్యాపారి: దానితో నా వ్యాపారం పెరుగుతుందని మీరు చెప్పలేరు.

అయ్యవారు: చెప్పలేను. పెరగకపోవచ్చు కూడా.

బండ్ల వ్యాపారి: ఆ మాట దాచకుండా చెప్పినారు, చాలు. నా షెడ్డులో ఉన్నవి రెండే కుర్చీలు సార్. ఒకటి నాది, ఇంకొకటి బండి కొనేవాడని నాకు అనిపించినోడిది. రేపు ఇంకో రెండు తెప్పిస్తా.